కొత్త యూవీ ట్యూబు 100 బదులు 62 చూపిస్తోందా? ముందు ఫ్యాను ఆపండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినాయనది నరసాపురం దగ్గర ఇరవై లీటర్ల క్యాన్లు నింపే నీళ్ళ ప్లాంటు. ఫిల్లింగ్ రూమ్ గోడకి రెండు 30 వాట్ల యూవీ (క్రిముల్ని చంపే అతినీలలోహిత వెలుగు) ట్యూబులున్నాయి. ఆర్‌వో దాటాక స్టీల్ గొట్టంలో ఇంకో యూవీ లాంపు ఉంది. ఆ వెలుగుని కొలవడానికి ఆయన కొత్తగా చేత్తో పట్టుకునే 254 మీటరు కొన్నారు. కొత్త ట్యూబుకి 100 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 100 మైక్రోవాట్లు రావాలని కేటలాగులో రాసి ఉంటే, ఆయనకి 62 వచ్చింది. ట్యూబుకి బాగా దగ్గరగా పెడితే తెర మీద ఎడమ పక్కన ఒక్క "1" మాత్రం పడి ఊరుకుంది. నకిలీ ట్యూబు అంటగట్టారా, మీటరే తప్పా, ఇన్నాళ్ళూ జనానికి పోసిన నీళ్ళు మంచివేనా అని ఆయన టెన్షన్.

పాతికేళ్ళుగా కాకినాడ నుంచి భీమవరం దాకా రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల్లో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఇలాంటి నీళ్ళ ప్లాంట్లలో కరెంటు పని చేస్తున్నాను. నా అంచనా చెబుతాను. ట్యూబు నకిలీ కాకపోవచ్చు, మీటరూ తప్పు కాకపోవచ్చు. కొలిచిన తీరులోనే తేడా ఉండి ఉంటుంది. ఇక నీళ్ళ సంగతి తేల్చడానికి ఈ 62 అనే అంకె అసలు పనికిరాదు. అది వేరే లెక్క, తర్వాత చెబుతాను.

ముందు ఆ "1" సంగతి. అది రీడింగు కాదండి. ఈ మీటర్లలో లెక్క పట్టనంత ఎక్కువ వెలుగు పడితే ఎడమ పక్క ఒక్క ఒకటి చూపించి మిగతా గళ్ళు ఖాళీగా వదిలేస్తాయి. మీ మీటరు 2 మిల్లీవాట్ల రేంజిలో ఉండి ఉంటుంది. 30 వాట్ల ట్యూబులోంచి బయటికి వచ్చే యూవీసీ, అంటే క్రిముల్ని చంపే అసలు వెలుగు, సుమారు 11, 12 వాట్లు. దాన్ని ట్యూబు ఒంటి వైశాల్యం మీద పరిస్తే ఒక్కో చదరపు సెంటీమీటరుకి 16, 17 మిల్లీవాట్లు తేలుతుంది. రెండు మిల్లీవాట్ల రేంజిలో పెట్టి ట్యూబుకి ఆనిస్తే "1" కాక ఇంకేం పడుతుంది? బటన్ నొక్కి 20 రేంజికి మార్చండి, అంకె కనిపిస్తుంది. కానీ ట్యూబుకి ఆనించి కొలవడం అలవాటు చేసుకోకండి. అక్కడ అర అంగుళం జరిగినా అంకె ఎటో పోతుంది. పైగా అంత దగ్గర వెలుగులో తరచూ పెడితే సెన్సారు ముందుండే ఫిల్టరు త్వరగా పాతబడుతుంది.

ఇప్పుడు 62 సంగతి. మీరు పంపిన ఫోటోలో నాకు ట్యూబు కన్నా ముందు దాని పక్కన తిరుగుతున్న గోడ ఫ్యాను కనిపించింది. ఈ ట్యూబులు లోపల పాదరసం ఆవిరితో వెలుగుతాయి. ఆ ఆవిరి ఎంత ఉండాలన్నది గాజు గోడ వేడి మీద ఆధారపడుతుంది. మామూలు ట్యూబుల్లో గాజు గోడ దగ్గర దగ్గర 40 డిగ్రీల వేడి దగ్గర ఉన్నప్పుడు యూవీసీ గరిష్ఠంగా వస్తుంది. ఫ్యాను గాలి నేరుగా తగిలితే గాజు చల్లబడి ఆవిరి తగ్గుతుంది, యూవీసీ పడిపోతుంది. కంటికి కనిపించే నీలం వెలుగులో మాత్రం పెద్ద తేడా తెలియదు. ఏసీ గాలి ట్యూబు మీదికి వచ్చినా అంతే. కేటలాగులో 100 అని రాసినవాడు గాలి కదలని గదిలో, బాగా వేడెక్కిన ట్యూబుకి, సరైన వోల్టేజీ ఇచ్చి కొలిచాడు.

రెండోది, ఎంతసేపు ఆగారు? స్విచ్ వేయగానే కొలిస్తే చాలా తక్కువ వస్తుంది. నేనైతే పదిహేను నిమిషాలు ఆగుతాను. అయిదు నిమిషాలకే అంకె చాలావరకు నిలబడుతుంది గానీ, మన డెల్టా కరెంటు తీరు చూశాక ఓపిక పట్టడం నేర్చుకున్నాను. ఆ మాటకొస్తే వోల్టేజీ మూడో కారణం. చుట్టూ చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఒక్కసారిగా వేసే వేళల్లో లైను కిందికి దిగుతుంది. పాత రాగి చోక్ ఉన్న ఫిటింగుల్లో వోల్టేజీ తగ్గితే ట్యూబులో కరెంటు తగ్గుతుంది, యూవీసీ కూడా తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ అయితే చాలావరకు కాచుకుంటుంది. మీ దాంట్లో ఏ చోక్ ఉందో మూత తీసి చూడండి. బరువుగా ఇనుప ముద్దలా ఉంటే రాగి చోక్, తేలిగ్గా పొడుగాటి పెట్టెలా ఉంటే ఎలక్ట్రానిక్. మీటరు పట్టుకునే ముందు మల్టీమీటరుతో వోల్టేజీ చూసి పక్కన రాసుకోండి. ఇది చాలామంది చేయరు. ఒక పూట 70, ఇంకో పూట 90 వచ్చి, ట్యూబుకి దయ్యం పట్టిందన్నట్టు నాకు ఫోన్లు చేస్తారు.

నాలుగోది దూరం. 100 సెంటీమీటర్లు అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? ట్యూబు నడిమధ్య నుంచి సెన్సారు మీదున్న తెల్లటి బిళ్ళ వరకు. మీటరు పెట్టె అంచు నుంచి కాదు, ఫిటింగు వెనక రేకు నుంచి కాదు. ట్యూబు పొడుగులో కూడా మధ్యకే ఎదురుగా ఉండాలి. చివర్లో కొలిస్తే తక్కువే వస్తుంది. సెన్సారు ట్యూబుకి సూటిగా చూడాలి. చెయ్యి కాస్త వంగి బిళ్ళ పక్కకి తిరిగితే అంకె తగ్గుతుంది.

చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలు అవుతుందని బళ్ళో చదువుకున్నాం. అది చుక్కలాంటి దీపానికి. మూడడుగుల ట్యూబుకి అది కుదరదు. 30 వాట్ల ట్యూబు 100 సెంటీమీటర్ల దగ్గర 100 మైక్రోవాట్లు ఇస్తే, 50 దగ్గర సుమారు 315 ఇస్తుంది, 400 కాదు. 25 దగ్గర సుమారు 775, 1600 కాదు. 200 సెంటీమీటర్లకి వెళితే 27. ఈ అంకెలు ట్యూబు వెలిగే పొడుగు 85 సెంటీమీటర్లుగా తీసుకుని కైట్జ్ సూత్రంతో కట్టినవి. పొడుగాటి లాంపులకి ప్రపంచమంతా వాడే లెక్కే అది. మీరు సూత్రం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 30 వాట్ల ట్యూబుకి 100 సెంటీమీటర్ల దగ్గర వచ్చిన మైక్రోవాట్లని వందతో భాగించి 11తో గుణిస్తే ట్యూబు మొత్తం మీద ఇస్తున్న యూవీసీ వాట్లు వస్తాయి. 100 వస్తే 11 వాట్లు, 62 వస్తే 6.8 వాట్లు. ఇది వెనక అద్దంలాంటి రేకు లేని ట్యూబుకి. మెరిసే అల్యూమినియం రిఫ్లెక్టరు ఉంటే అంకె పెరుగుతుంది. అది చూసి మురిసిపోకూడదు, ఈ లెక్కలో దాన్ని పెట్టకూడదు.

నా పద్ధతి చెబుతాను. ఒక పీవీసీ గొట్టం ముక్క, ఒక చివర ట్యూబుకి ఆనేలా గాడి కోసి, రెండో చివర మీటరు సెన్సారు కూర్చునేలా చిన్న చెక్క పలక బిగించాను. గాడిలో ట్యూబు కూర్చుంటే కేంద్రం నుంచి బిళ్ళ దాకా కచ్చితంగా 100 సెంటీమీటర్లు. ఎవరు పట్టుకున్నా ఒకటే దూరం. కొన్నాళ్ళకి ట్యూబు తగిలే చివర పసుపుపచ్చగా మారి పెళుసెక్కింది, యూవీసీ ప్లాస్టిక్‌ని అలా తినేస్తుంది. మీ ఫిల్లింగ్ రూమ్ తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీలు గమనించండి, ట్యూబు ఎదురుగా ఉన్నవే ముందు పగులుతాయి. ఏడాదికొకసారి కొత్త ముక్క కోసుకుంటాను, అంతే.

అసలు మీ మీటరు ఏ వెలుగుని చూస్తోందో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదట్లో ఓ హేచరీలో కొత్తగా తెచ్చిన ఆరు లాంపులు పరీక్షించమన్నారు. నా దగ్గర మీటరు లేదు. ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో పురుగుల్ని లాగే లైట్లకి వాడే మీటరు అరువు తెచ్చాను. దాని మీద యూవీ అని పెద్ద అక్షరాలతో ఉంది, నాకు అది చాలనిపించింది. ఆరు లాంపుల్లో ఏదీ దాదాపు ఏమీ చూపించలేదు. ఆరూ చచ్చినవేనని నేనే తీర్పు చెప్పేశాను. యజమాని వాటిని వాపసు పంపించి, రెండు వారాలు లాంపులు లేకుండా ట్యాంకుల్ని క్లోరిన్‌తో నెట్టుకొచ్చాడు. వాపసు వెళ్ళినవి పరీక్ష చేసి, అన్నీ బాగున్నాయని కాగితంతో సహా తిప్పి పంపారు. ఆ రోజు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జరిగిందేమిటంటే, అతినీలలోహితం ఒకే ముద్ద కాదు. తరంగం పొడుగుని బట్టి 315 నుంచి 400 నానోమీటర్ల దాకా యూవీఏ, 280 నుంచి 315 దాకా యూవీబీ, 280 కన్నా తక్కువది యూవీసీ. పురుగుల లైటు యూవీఏ, దాని బలం 365 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. నీళ్ళలో క్రిముల్ని చంపే లాంపు 253.7 దగ్గర ఒక్క గీతలా వెలుగుతుంది, దాన్నే వాడుకలో 254 అంటాం. నేను తెచ్చిన మీటరు 290 నుంచి 390 దాకా మాత్రమే చూసేది. 254 దాని కంటికి ఆనదు. ఆరు లాంపులూ లక్షణంగా వెలుగుతున్నాయి, గుడ్డిది నా మీటరు. షాపుల్లో 340 అన్న పేరుతో దొరికేవి ఆ జాతివి, 254 అన్న పేరుతో దొరికేవి ఈ జాతివి. మీరు సరైనదే కొన్నారు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

అయినా కొన్న మీటరుని ఒకసారి పరీక్షించుకోవాలి. దానికి ఖర్చు లేదు, ఇంట్లో ఫోటో ఫ్రేము అద్దం ముక్క చాలు. ట్యూబు వెలిగించి, మీటరు స్టాండులో పెట్టి, రీడింగు నిలబడ్డాక ఆ గాజు ముక్కని సెన్సారు ముందు అడ్డం పెట్టండి. మామూలు గాజు 254ని పూర్తిగా ఆపేస్తుంది, కంటికి కనిపించే నీలం వెలుగుని మాత్రం దాటనిస్తుంది. కాబట్టి మంచి యూవీసీ మీటరు వెంటనే సున్నాకి పడాలి. ఒకటీ రెండూ మిగిలినా ఫర్వాలేదు. గాజు అడ్డం పెట్టాక కూడా 15, 20 చూపిస్తూ ఉంటే మీ మీటరు మామూలు వెలుగుని కూడా యూవీగా లెక్కేస్తోందన్నమాట. అప్పుడు గాజు లేకుండా వచ్చిన అంకెలోంచి గాజుతో వచ్చిన అంకె తీసేసి వాడుకోవచ్చు, కానీ అలాంటి మీటరుని నేను ఎక్కువ నమ్మను. ఓసారి నాకు 62 మీద గాజు పెడితే 0 పడింది, తీస్తే మళ్ళీ 62. అలా టక్కున పడి టక్కున లేవాలి. కళ్ళజోడు అద్దంతో ఈ పరీక్ష చేయవచ్చు గానీ మొహానికున్నది తీసి మాత్రం కాదు.

మొహం అన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ముందుకి పోలేను. యూవీసీ వెలుగు కంటికి తెలియదు, వేడి తగలదు, అందుకే మోసం. 254 దగ్గర ఒక రోజు పనిలో కన్ను, చర్మం తట్టుకునే హద్దుగా అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చాలాకాలంగా వాడుతున్న అంకె చదరపు సెంటీమీటరుకి 6 మిల్లీజౌళ్ళు. 100 మైక్రోవాట్ల వెలుగులో నిలబడితే ఆ రోజు కోటా సరిగ్గా 60 సెకన్లలో అయిపోతుంది. మీ 62 అయినా నిమిషంన్నర. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకడు ట్యూబు ఆపకుండా క్యాన్ల వరస సర్దాడు. ఆ సాయంత్రం బాగానే ఉన్నాడు. రాత్రి ఒంటిగంటకి కళ్ళలో ఇసుక పోసినట్టుందని, నీళ్ళు కారుతున్నాయని, తెరవలేకపోతున్నానని ఫోను. వెల్డింగ్ వెలుగు కొట్టినవాళ్ళకి వచ్చేదే. చాలా గంటలు ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి పొద్దున చేసిన పనికి రాత్రి బాధ అని చాలామందికి తట్టదు. అది రెండు రోజుల్లో తగ్గింది, కానీ కంటి డాక్టరుకి చూపించకుండా ఊరుకోకూడదు. కొలిచేటప్పుడు మొహానికి పూర్తి పాలీకార్బొనేట్ షీల్డు, చేతులకి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా. మెడ మరిచిపోతారు, తువ్వాలు చుట్టుకోండి. మీటరుకి సెన్సారు విడిగా వైరుతో వస్తే ఇంకా మంచిది. సెన్సారుని స్టాండులో వదిలి, తలుపు బయట నిలబడి తెర చదవొచ్చు. ఫిల్లింగ్ రూమ్ తలుపు తీస్తే ట్యూబులు ఆరిపోయేలా ఒక స్విచ్ పెట్టించండి.

ఇప్పుడు నీళ్ళు. మీరు గోడ ట్యూబుల్ని కొలిచారు. అవి గది గాలికి, క్యాన్ల మూతుల మీద పడ్డ క్రిములకి. క్యాన్లోకి వెళ్ళే నీటిని శుద్ధి చేసేది స్టీల్ గొట్టంలోని లాంపు. దాన్ని మీరు ఇంకా కొలవలేదు, నేరుగా కొలవలేరు కూడా. నీళ్ళకి లెక్క మైక్రోవాట్లలో కాదు, డోసులో ఉంటుంది. వెలుగు బలాన్ని అది పడిన సెకన్లతో గుణిస్తే డోసు. తాగే నీటికి బలమైన శుద్ధిగా ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె చదరపు సెంటీమీటరుకి 40 మిల్లీజౌళ్ళు. ఉదాహరణకి గొట్టంలో 2.2 లీటర్ల నీరు పడుతుందనుకోండి, పంపు గంటకి 2000 లీటర్లు తోస్తోందనుకోండి. ఒక్కో చుక్క లోపల ఉండేది నాలుగు సెకన్లు. లోపల సగటు వెలుగు 10 మిల్లీవాట్లు ఉంటే 40 వస్తుంది, సరిపోయింది. ఎండాకాలం గిరాకీ పెరిగిందని గంటకి 4000 తోసే పంపు బిగిస్తే? రెండే సెకన్లు, డోసు సగం. లాంపు మారలేదు, మీటరు రీడింగు మారలేదు, బల్బు నీలంగానే వెలుగుతోంది, నీళ్ళ శుద్ధి మాత్రం సగానికి పడింది. ఇలాంటి ప్లాంటుకి వెళ్ళినప్పుడు నేను మీటరు బయటికి తీయకముందే పంపు మీద రాసిన అంకె చూస్తాను.

అయితే మీటరుతో ఆ గొట్టం లాంపుకి చేయగలిగిన మంచి పని ఒకటుంది. నెలకొకసారి కరెంటు తీసేసి, వాల్వులు కట్టేసి, లాంపుని క్వార్ట్జ్ గొట్టంలోంచి బయటికి లాగండి. క్వార్ట్జ్ అంటే 254ని దాటనిచ్చే ప్రత్యేక గాజు, లాంపుకి తొడిగిన ఆ గొట్టాన్ని స్లీవ్ అంటారు. చీకటి గదిలో అదే స్టాండులో లాంపుని ఒట్టిగా వెలిగించి కొలవండి, తర్వాత స్లీవులో పెట్టి కొలవండి. మంచి కొత్త క్వార్ట్జ్ పదింట తొమ్మిది వంతులు దాటనిస్తుంది. పోయే ఆ ఒక్క వంతులో ఎక్కువ భాగం గాజు రెండు ఉపరితలాల మీద వెనక్కి తిరిగేదే, దాన్ని మనం ఏం చేయలేం. ఒట్టి లాంపు 120, స్లీవులో 108 వస్తే స్లీవు శుభ్రం. ఒట్టిగా 120, స్లీవులో 65 వస్తే లాంపు మార్చకండి, స్లీవు కడగండి. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి లాంపుల్ని చెత్తలో పారేసినవాళ్ళని చాలామందిని చూశాను.

మన వైపు స్లీవు మీద పట్టేది ఎక్కువగా ఇనుము, సున్నం. ఆర్‌వో దాటిన నీరు కాబట్టి రాకూడదుగా అంటారు. కానీ రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) పెంచాలని కొందరు కాస్త బోరు నీటిని పక్క పైపుతో కలుపుతారు. అదే తెస్తుంది గోధుమరంగు పొర. అది కంటికి పల్చగా, గాజు మీద టీ మరకలా కనిపిస్తుంది. 254కి మాత్రం మందమైన తెర. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీటిలో కలిపి స్లీవుని అరగంట నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిస్తే వదులుతుంది. స్టీల్ పీచుతో రుద్దారంటే గీతలు పడి మరక ఇంకా త్వరగా పట్టేస్తుంది. స్లీవునీ లాంపునీ ఒట్టి వేళ్ళతో పట్టుకోవద్దు. వేలి జిడ్డు వేడికి గాజు మీద కాలి అక్కడే ఉండిపోతుంది. శుభ్రమైన తొడుగు వేసుకుని, చివర్లో స్పిరిట్‌తో తుడవండి. మీటరు సెన్సారు బిళ్ళకి కూడా ఇదే మర్యాద.

హేచరీ వాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. మీది ఇంకా కష్టమైన లెక్క, ఎందుకంటే మీకు ఆర్‌వో లేదు. సముద్రపు నీరు ఇసుక ఫిల్టరు, బ్యాగు ఫిల్టరు దాటి నేరుగా యూవీలోకి వస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే నెలల్లో అంతర్వేది, ఓడలరేవు వైపు తీరం వెంట నీటి రంగు ఎలా మారుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నీరు ఫిల్టరు దాటి కంటికి తేటగా కనిపించినా కరిగిన సేంద్రియ పదార్థం 254ని తాగేస్తుంది. ఒక్కో సెంటీమీటరు నీరు 90 శాతం దాటనిస్తే మూడు సెంటీమీటర్ల లోపలికి 73 శాతం చేరుతుంది. అదే 70 శాతం దాటనిచ్చే నీరయితే మూడు సెంటీమీటర్లకి 34 శాతమే. లాంపు అదే, స్లీవు అదే, డోసు సగానికి తక్కువ. చేతి మీటరు ఈ సంగతి చెప్పదు. నీటి నమూనాని స్పెక్ట్రోఫోటోమీటరు ఉన్న ల్యాబుకి పంపి, 254 దగ్గర ఎంత దాటుతోందో అడగండి. క్వార్ట్జ్ గిన్నెలో కొలవాలని చెప్పండి, మామూలు గాజు గిన్నె అయితే మీ నీటికి బదులు గాజుని కొలిచి ఇస్తారు. ఎర్రనీటి రోజుల్లో నీటి వేగం తగ్గించి నడపడమే చవకైన ఉపాయం.

మళ్ళీ మీ దగ్గరికి. కేటలాగులోని 100ని మర్చిపొమ్మంటాను. చేతి మీటర్లు ఒకదానికొకటి పది, ఇరవై శాతం తేడా చూపించడం మామూలే, కొత్తవి అయినా సరే. ఒకే ట్యూబుకి మూడు మీటర్లు పెడితే మూడు అంకెలు వస్తాయి. కానీ ఒకే మీటరు, ఒకే స్టాండు, ఒకే దూరం, ఒకే వోల్టేజీ అయితే ఈ నెలకీ పై నెలకీ మధ్య తేడా మాత్రం నిజం చెబుతుంది. అందుకే కొత్త లాంపు పెట్టి వంద గంటలు వెలిగాక మొదటి రీడింగు తీసుకుని రాసుకోండి. అదే మీ లాంపుకి పుట్టిన తేదీ. అది 92 అనుకుంటే, 64, 65కి దిగిన రోజు లాంపు మార్చే రోజు. అంటే మొదటి అంకెలో 70 శాతం. మంచి లాంపులు సుమారు 9000 గంటలు నిలుస్తాయి, రోజంతా వెలిగితే ఏడాది. మాటిమాటికీ ఆపి వేస్తుంటే ఆయుష్షు తగ్గుతుంది. "ఇంకా వెలుగుతోందిగా" అని మూడేళ్ళు నడిపేవాళ్ళున్నారు. ఆ వెలుగు 405, 436 నానోమీటర్ల దగ్గర పాదరసం ఇచ్చే ఊదా, నీలం రంగులు. లోపల 254 సగం చచ్చాక కూడా ఆ నీలం అలాగే మెరుస్తుంది.

మా పుస్తకంలో ఒక్కో లాంపుకి ఒక్కో పేజీ. తేదీ, వెలిగిన గంటలు, వోల్టేజీ, గది వేడి, ఒట్టి రీడింగు, స్లీవు రీడింగు, కొలిచినవాళ్ళ పొడి అక్షరాలు. ఆఖరిది సరదాకి మొదలుపెట్టాం గానీ, ఒకతను ఎప్పుడూ పది ఎక్కువ తెస్తున్నాడని దానివల్లే తెలిసింది. ఎత్తు తక్కువ మనిషి, స్టాండు వాడకుండా చెయ్యి చాచి ట్యూబుకి దగ్గరగా పెడుతున్నాడు.

ఇంకో రెండు విషయాలు త్వరగా. ఫోన్లో యూవీ కొలిచే యాప్‌లు 254ని చూడలేవు, కెమెరా గాజే దాన్ని ఆపేస్తుంది. ఎల్ఈడీ యూవీసీ లాంపులు ఇప్పుడు కొత్తగా వస్తున్నాయి. అవి 265 నుంచి 280 మధ్య వెలుగుతాయి కాబట్టి 254కి సరిచేసిన మీ మీటరు వాటికి నిజమైన అంకె ఇవ్వదు. ఊదా రంగులో మెరిసే చవక టార్చిలకి క్రిముల్ని చంపే శక్తి లేదు, వాటిని నోట్లు చూసుకోవడానికి ఉంచండి.

మీటరుని ఉప్పుగాలిలో వదలకండి. మూత పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచండి. బ్యాటరీ గుర్తు కనిపిస్తే ఆ రోజు రీడింగులు కొట్టేయండి. ఏడాదికొకసారి ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించండి, 254 దగ్గరే చేయమని రాసి ఇవ్వండి. రాయకపోతే యూవీఏ దగ్గర చేసి ముద్ర వేసి ఇచ్చిన సందర్భం నాకు తెలుసు.

జనానికి పోసిన నీళ్ళ గురించి మీ భయం న్యాయమైనదే. దానికి మీటరు జవాబు ఇవ్వదు, నీటి నమూనా బ్యాక్టీరియా పరీక్షకి పంపితేనే తెలుస్తుంది. ఆర్‌వో పని చేస్తూ ఉంటే పెద్ద గండం జరిగి ఉండకపోవచ్చు, కానీ ఊహ మీద క్యాన్లు పంపకండి. ఈ లోపు ఫ్యాను ఆపండి, తలుపు వేయండి, పదిహేను నిమిషాలు ట్యూబుని వెలగనివ్వండి, స్టాండుతో ట్యూబు మధ్యకి కొలవండి, గాజు ముక్క పరీక్ష చేయండి. ఆ రెండు అంకెలూ, అప్పటి వోల్టేజీ, పంపు మీద రాసిన లీటర్లూ రాసి పెట్టండి. 80 దాటితే ట్యూబు అమ్మినవాడిని ఏమీ అనకండి. అప్పటికీ 62 దగ్గరే ఆగితే రెండు ట్యూబులూ ఒకదాని ఫిటింగులో ఒకటి మార్చి చూడండి. తక్కువ అంకె ట్యూబుతో పాటు వెళితే ట్యూబు, ఫిటింగు దగ్గరే ఉండిపోతే చోక్.